మంద వెంట ఊరు: తుర్కానా పేదరికం వెనక లెక్క

తారాచ్ వాగు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. కెన్యా వాయవ్య మూలన, కకుమా అనే ఊరి పక్కగా పోతుంది. పొద్దున్నే ఆడవాళ్లు ప్లాస్టిక్ క్యాన్లు పట్టుకొని ఆ ఇసుకలోకి దిగుతారు. చేతులతో, గిన్నెలతో తవ్వుతారు. మనం చెలమ అంటామే, అదే. మొదట తడి ఇసుక తగులుతుంది, ఇంకాస్త తవ్వితే ఊట. ఎండలు ముదిరే కొద్దీ మోకాలి లోతు చెలమ నడుము లోతవుతుంది, చివరికి మనిషి మునిగేంత గొయ్యి అవుతుంది. అప్పుడు ఒకరు అడుగున, ఒకరు మధ్యలో, ఒకరు ఒడ్డున నిలబడి గిన్నె చేతులు మారుస్తూ నీళ్లు పైకి అందిస్తారు. పైన మేకలు ఎదురుచూస్తుంటాయి.

ఈ వాగు తుర్కానా కౌంటీది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకోవచ్చు గానీ, 2010 రాజ్యాంగం తర్వాత కెన్యాలో కౌంటీకి ఎన్నికైన గవర్నరు, సొంత సభ, సొంత బడ్జెట్ ఉంటాయి. అలాంటివి దేశంలో 47. తుర్కానా విస్తీర్ణం సుమారు 70 వేల చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. 2019 జనగణన ప్రకారం జనం 9,26,976 మంది. తూర్పు అంచున తుర్కానా అనే పేరుతోనే పెద్ద సరస్సు ఉంది. 2012లో చమురు బయటపడింది. 2013లో నేల కింద నీళ్ల నిధి దొరికిందని ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. జాతీయ ప్రభుత్వం కౌంటీలకు పంచే సొమ్ములో 2021-22లో నైరోబీ, నకూరు తర్వాత ఎక్కువ వాటా దీనిదే, దాదాపు 1,260 కోట్ల షిల్లింగులు. అయినా 2015-16 ప్రభుత్వ సర్వేలో దేశం మొత్తం మీద పేదరికం 36.1 శాతం ఉంటే తుర్కానాలో 79.4 శాతం. 47 కౌంటీల్లోనూ అదే అట్టడుగు.

ఇన్ని ఉండి కూడా ఎందుకిలా? కరువు ప్రాంతం కదా, అంతే అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. ఆ జవాబు నాకు సరిపోలేదు. తుర్కానా గురించి చదివే కొద్దీ ఒకే కథ మళ్లీ మళ్లీ కనిపించింది: అక్కడి బతుకు కదలిక మీద ఆధారపడి ఉంది, బయటి నుంచి వచ్చిన పథకాలేమో ఒకటి తర్వాత ఒకటి ఆ బతుకును ఒకచోట మేకు కొట్టి కూర్చోబెట్టాలని చూశాయి.

వాన సంగతి తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. కౌంటీ కేంద్రం లోద్వార్‌లో ఏడాదికి సగటున పడేది 200 మిల్లీమీటర్ల దరిదాపు. మనం కరువు సీమ అనే అనంతపురంలో కూడా అంతకు రెండింతల పైనే పడుతుంది. కానీ తుర్కానాలో ఈ సగటును నమ్ముకుంటే మోసపోతాం. ఒక ఏడు అందులో సగం కూడా పడదు, ఇంకో ఏడు రెట్టింపు పడి వాగులు పొంగి మేకల్ని కొట్టుకుపోతాయి. పడినా అంతటా పడదు. ఒక లోయలో గడ్డి మొలుస్తుంది, ఇరవై కిలోమీటర్ల అవతల దుమ్ము లేస్తుంటుంది. పడమట ఉగాండా సరిహద్దు కొండల మీద పచ్చిక ఉంటుంది, నడుమ మైదానాల్లో వాన వెలిసిన కొన్ని వారాలే. అలాంటి చోట ఒక పొలం గట్టు వేసుకొని అక్కడే కూర్చుంటే, ఆ ఏడు వాన ఆ గట్టు లోపల పడుతుందన్న భరోసా ఏముంటుంది? వాన ఎక్కడ పడితే అక్కడికి మనిషే పోవాలి.

తుర్కానా జనం చేసేది అదే. వాళ్లు పెంచేవి ఐదు రకాలు: ఒంటెలు, ఆవులు, మేకలు, గొర్రెలు, గాడిదలు. ఒక్కోటి ఒక్కో రకం మేత తింటుంది, ఒక్కోటి ఒక్కో రకంగా కరువును తట్టుకుంటుంది. ఆవులకు గడ్డి కావాలి, కాబట్టి ఎండలు రాగానే కుర్రాళ్లు వాటిని తోలుకొని కొండలకు పోతారు. ఒంటె చెట్ల ఆకు మేస్తుంది, రోజుల తరబడి నీళ్లు లేకున్నా పాలిస్తుంది. మేక కంపల్లో కూడా బతుకుతుంది, కరువు పోయాక మళ్లీ త్వరగా ఈనుతుంది. గాడిద ఇల్లు మోస్తుంది. అంటే ఒకే కుటుంబం ఒకే నెలలో రెండు మూడు చోట్ల ఉండొచ్చు. మన పాలమూరు గొల్ల, కురుమలు మంద వేసుకొని ఎండాకాలం నది వైపు దిగడం చూసినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. తేడా ఏమిటంటే, మనవాళ్లకు వెనక ఒక ఊరుంటుంది. ఇక్కడ మంద ఎటు పోతే ఊరు అటు.

2009 జనగణనలో పశువుల్ని కూడా లెక్కపెట్టారు. తుర్కానాలో దాదాపు 60 లక్షల మేకలు, 35 లక్షల గొర్రెలు, 15 లక్షల ఆవులు, 8 లక్షలకు పైగా ఒంటెలు తేలాయి. అప్పటి జనాభా సుమారు 8.55 లక్షలు. ఇంత మంది పేదలు అంటున్న చోట తలకు ఏడెనిమిది మేకలున్నాయి. పేదరికం సర్వే కుటుంబం ఏం తిన్నది, ఏం కొన్నది అని లెక్కకడుతుంది. మంద విలువ అందులోకి రాదు. పైగా మంద బ్యాంకు ఖాతాలా నిలకడగా ఉండదు. మంచి ఏడు పెరుగుతుంది, ఒక్క కరువులో సగం పోతుంది. అందుకే అక్కడ మిగులు పశువుల్ని ఒకేచోట ఉంచుకోరు. దూరంగా ఉండే స్నేహితుడికి, వియ్యంకుడికి కొన్ని ఇస్తారు, అతని దగ్గర కొన్ని తెచ్చుకుంటారు. పెళ్లికి కట్టే ఓలి కోసం పశువుల్ని చుట్టాలంతా తలా ఇన్ని పోగేస్తారు. పుచ్చుకున్నవాళ్లూ అలాగే పంచుకుంటారు. ఇక్కడ కరువొచ్చి నా మంద పోతే, అక్కడ వానపడి నీ మంద మిగులుతుంది, అందులో నా వంతూ ఉంటుంది. దీన్ని నేను బీమా అనే అంటాను.

చెట్లకు కూడా ఇలాంటి కట్టుబాటే. వాగుల ఒడ్డున తుమ్మ జాతి చెట్లుంటాయి, వాళ్ల మాటలో ఎవొయ్. వేసవిలో గడ్డి అంతా పోయాక వాటి కాయలే మేకలకు ఆధారం. ఫలానా వంక నుంచి ఫలానా గుట్ట దాకా ఉన్న చెట్లు ఫలానా కుటుంబానివి అని హక్కు ఉంటుంది, దాన్ని ఎక్వార్ అంటారు. వేరేవాళ్లు వచ్చి అడిగితే మేపుకోనిస్తారు, అడగకుండా కొమ్మలు నరికితే తగువు. బయటి నుంచి చూసినవాడికి ఇదంతా ఎవరిదీ కాని అడవిలా కనిపిస్తుంది.

తుర్కానాల పుట్టుక కథ కూడా నడక కథే. ఉగాండా వైపు జియే తెగ వాళ్ల ఎద్దు ఒకటి తప్పిపోయిందట. దాని జాడ పట్టుకొని కుర్రాళ్లు తారాచ్ లోయ వెంట దిగివస్తే, అక్కడ నయేచే అనే ఆడమనిషి అడవి పళ్లు ఏరుకుంటూ కనిపించింది. నీళ్లు, మేత, పళ్లు ఉన్న ఆ చోటికి వాళ్లు తిరిగొచ్చి స్థిరపడ్డారంటారు. ఆమె పేరుతో ఒక కొండ ఇప్పటికీ ఉంది. ఉగాండాలోని కరమొజోంగ్, దక్షిణ సూడాన్‌లోని తొపొసా, ఇథియోపియాలోని న్యాంగాతోమ్ వీళ్లకు భాషాబంధువులు. ఎండిపోయిన ఏడు వాళ్ల నేలకు మంద తోలుకెళ్లాలి, కాబట్టి స్నేహమూ కావాలి, తగాదాలూ తప్పవు. 1973లో లోకిరియామా దగ్గర కరమొజోంగ్‌లలోని మథెనికో శాఖతో చేసుకున్న శాంతి ఒప్పందాన్ని నేటికీ ఏటా గుర్తు చేసుకుంటారు. దక్షిణాన పొకోట్‌లతో మాత్రం పశువుల దాడులు, తుపాకులు ఇంకా ఆగలేదు. దాడి భయంతో మంచి మేత ఉన్న సరిహద్దు నేల ఖాళీగా పడి ఉంటుంది, మిగతా నేల మీద భారం పెరుగుతుంది.

మగవాళ్ల చేతిలో ఒక చిన్న చెక్కపీట కనిపిస్తుంది, ఎకిచోలోంగ్. కూర్చుంటే పీట, పడుకుంటే తలగడ. ఇంటి సామానంతా ఇలాగే ఉంటుంది, ఒక వస్తువు రెండు పనులకు రావాలి, గాడిద మోయగలగాలి. పాలను ఎండబెట్టి పొడి చేసుకుంటారు, దాని పేరు ఎదోదో. ప్యాకెట్ పాలపొడి గురించి ఎవరూ చెప్పకముందే అక్కడి ఆడవాళ్లు కనిపెట్టుకున్న నిల్వ ఆహారం అది.

ఈ తిరుగుడు వల్లే నేల పాడవుతోందని, మందలు ఎక్కువై ఎడారి పెరుగుతోందని చాలాకాలం అధికారులు నమ్మారు. 1980ల్లో దక్షిణ తుర్కానాలో ఎన్గిసొన్యోకా అనే శాఖ వెంట ఉండి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి లెక్కలు కట్టారు. వాళ్లలో జేమ్స్ ఎల్లిస్, డేవిడ్ స్విఫ్ట్ 1988లో చెప్పింది ఆ నమ్మకాన్నే తిరగేసింది: మంద నేలను పాడుచేసేంత పెరిగే లోపే కరువొచ్చి దాన్ని కోసేస్తుంది, కాబట్టి ఇక్కడ నేలను నడిపేది మంద కంటే ముందు వాన. ఇన్ని తలలే ఉండాలి అని ఒక అంకె పెట్టి మందల్ని తగ్గించే పథకాలకు ఇక ఆధారం లేకుండా పోయింది. అయినా ఆ పథకాలు వెంటనే ఆగలేదు.

కరువులకు అక్కడ పేర్లుంటాయి. మనకు ధాత కరువు ఉన్నట్టు. 1979-81 నాటిదాన్ని లోపియార్ అంటారు, ఊడ్చిపెట్టేసింది అని అర్థం. పశురోగాలు, కలరా, దాడులు అన్నీ ఒకేసారి వచ్చాయి. మంద పోగొట్టుకున్నవాళ్లు ఆహార శిబిరాల చుట్టూ చేరారు, చాలామంది మళ్లీ లేవలేదు. 2020 చివరి నుంచి వరసగా ఐదు వానాకాలాలు ఎగ్గొట్టిన కరువు నలభై ఏళ్లలో ఎరగనిదని అన్నారు. కెన్యా మొత్తం మీద 25 లక్షలకు పైగా పశువులు పోయాయి.

కరువు ఎప్పుడూ ఉంది. తేరుకోవడం కష్టమైంది మాత్రం సరిహద్దు గీతలు గీశాక. బ్రిటిష్ పాలకులు 1918లో సైన్యంతో వచ్చి తుర్కానాల పశువుల్ని భారీగా పట్టుకుపోయారు. 1926 దాకా ఉగాండా పాలనలో ఉన్న ఈ ప్రాంతాన్ని కెన్యాలో కలిపారు. తర్వాత అనుమతి కాగితం లేనిదే బయటివాళ్లు రాకూడని మూసిన జిల్లాగా ఉంచారు. స్వాతంత్ర్య పోరాట నాయకుడు జోమో కెన్యాట్టాను బ్రిటిష్‌వాళ్లు ఖైదు చేసింది ఇక్కడి లోకితౌంగ్‌లో, ఆ తర్వాత నిర్బంధంలో పెట్టింది లోద్వార్‌లో. పాలకుల దృష్టిలో అది మనుషుల్ని దూరంగా పారేసే చోటు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ కెన్యాట్టా ప్రభుత్వమే 1965లో ఒక విధాన పత్రం తెచ్చింది, ఎక్కడ పెట్టుబడికి ఎక్కువ ఉత్పత్తి వస్తుందో అక్కడే డబ్బు పెట్టాలని. కాఫీ, తేయాకు పండే మధ్య కొండలకు రోడ్లు, రైళ్లు, బడులు వెళ్లాయి. దక్షిణానికి బయలుదేరే ఉత్తరాది మనిషి "కెన్యాకు పోతున్నా" అనడం ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇక సరస్సు. ఎడారి నేలలో ఏడాది పొడవునా ఉండే సరస్సుల్లో ప్రపంచంలో ఇదే పెద్దది. నీటి రంగు పచ్చ. రుచి ఉప్పుగా, సోడాగా ఉంటుంది. బయటికి పోయే నది లేదు, వచ్చే నీటిలో పదింట ఎనిమిది తొమ్మిది వంతులు ఇథియోపియా నుంచి ఓమో నది తెస్తుంది. అంటే సరస్సు మట్టం వేరే దేశపు కొండల్లో పడే వాన మీద ఉంటుంది. 19వ శతాబ్దం చివరి నుంచి 1950ల దాకా మట్టం సుమారు 20 మీటర్లు పడిపోయింది, తర్వాత పెరిగింది. ఒడ్డు కూడా మందలాగే కదులుతుందన్నమాట.

1970ల మధ్యలో ఫెర్గూసన్ అఖాతంలో తిలాపియా చేప విరగబడింది. పశువులు పోయినవాళ్లను చేపల మీద నిలబెట్టొచ్చని నార్వే సాయం అందించింది. సహకార సంఘం పెట్టారు, రోడ్డు వేశారు, 1980ల మొదట్లో కలోకొల్ దగ్గర చేపల్ని గడ్డకట్టించే ఫ్యాక్టరీ కట్టారు. ఉద్దేశం మంచిదే, ఆ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ మండుటెండల్లో చేపను గడ్డకట్టించాలంటే ఎంత కరెంటు కావాలి, ఎంత మంచినీరు కావాలి? ఖర్చు చేప ధరను మించిపోయింది. అదే సమయంలో సరస్సు వెనక్కి తగ్గి, అఖాతం ఎండి, చేప మాయమైంది. ఫ్యాక్టరీ కొద్దికాలమే నడిచింది. తర్వాత ఆ భవనం ఎండు చేపలు నిల్వ చేసుకునే గోడౌన్‌గా పనికొచ్చింది. నాకు ఈ కథలో మనసుకు పట్టింది ఆ గోడౌనే. ఎండబెట్టి, ఉప్పు పట్టించి లారీకెక్కించే పద్ధతి జాలర్లకు ముందే తెలుసు. ఆ ఎండు చేప ఇవాళ కాంగో దాకా పోతుంది. వాళ్లకు కావాల్సింది మంచి ధర, మంచి పడవ, నడిచే రోడ్డు.

2016లో ఇథియోపియా ఓమో మీద 243 మీటర్ల గిబె-3 ఆనకట్టను ప్రారంభించింది. జలాశయం నింపే రోజుల్లో సరస్సు తగ్గింది, ఇక ఎండిపోతుందని భయపడ్డారు. 2019-20లో తూర్పు ఆఫ్రికాలో వానలు పెరిగి సరస్సు తిరగబడి ఒడ్డున ఉన్న ఇళ్లను ముంచింది. ఆనకట్ట వల్ల అసలు నష్టం వేరే. ఏటా వచ్చే వరద తెచ్చే ఒండ్రు, చేప గుడ్లు పెట్టే సమయం ఆ వరదతోనే ముడిపడి ఉన్నాయి. 2018లో యునెస్కో సరస్సు జాతీయ పార్కుల్ని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో పెట్టింది.

2013 నీళ్ల వార్త కూడా గుర్తు చేసుకోవాలి. లోతికిపి అనే మైదానంలో 20 వేల కోట్ల ఘనపు మీటర్లకు మించి భూగర్భ జలం ఉందన్నారు. ఉపగ్రహ చిత్రాలు, రాడార్‌తో కట్టిన అంచనా అది. బోర్లు వేసి చూస్తే నీళ్లు ఉప్పు, తాగడానికి పనికిరావు. లోద్వార్ దగ్గరి చిన్న జలనిధి మాత్రం పట్టణానికి పనికొస్తోంది. రిఫ్ట్ లోయ అగ్నిపర్వత శిలల వల్ల అక్కడి బావుల్లో చాలాచోట్ల ఫ్లోరైడ్ కూడా ఎక్కువ, పిల్లల పళ్ల మీద గోధుమ మచ్చలు వస్తాయి. నల్గొండ వాళ్లకు ఆ మచ్చల బాధ చెప్పనక్కర్లేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతిని టాంజానియా, ఇథియోపియాల్లో ఆ పేరుతోనే వాడి చూశారు. మన బాధ పేరు ఆఫ్రికా నీటి ఇంజనీర్ల నోట్లో ఉంది.

మనకూ వాళ్లకూ ఉమ్మడిగా ఇంకొకటి ఉంది, సర్కారు తుమ్మ. ఎడారిని ఆపుతుందని, వంటచెరకు ఇస్తుందని 1970, 80ల్లో నాటితే వాగుల ఒడ్లన్నీ ఆక్రమించింది. ఎవొయ్ చెట్లు నిలబడాల్సిన చోట అది నిలబడింది. కెన్యాలో దాన్ని మథెంగే అంటారు. తుర్కానాకు దక్షిణాన బరింగో వాళ్లు దాని తీపి కాయలు తిని పళ్లు రాలిపోయిన మేకను 2006లో ఏకంగా కోర్టుకే తీసుకెళ్లారు. ఇప్పుడు దాన్ని కాల్చి బొగ్గు చేసి అమ్ముకుంటున్నారు.

ఆ బొగ్గుకు పెద్ద గిరాకీ కకుమాలో. 1992లో సూడాన్ యుద్ధం నుంచి నడిచి వచ్చిన పిల్లల కోసం పెట్టిన శిబిరం అది. పక్కనే కలోబెయెయ్ అనే స్థావరం వచ్చింది. ఇప్పుడు రెండింటిలో కలిపి సుమారు 3 లక్షల మంది. 2018లో ఒక అధ్యయనం అక్కడ రెండు వేలకు పైగా దుకాణాలు, వ్యాపారాలు ఉన్నాయని తేల్చింది. తుర్కానా ఆడవాళ్లు కట్టెలు, బొగ్గు మోసుకొచ్చి ఇస్తారు, బదులుగా పిండి, నూనె పట్టుకెళ్తారు. కౌంటీలో పెద్ద బజార్లలో ఒకటి ఇలా యుద్ధం నుంచి పుట్టింది. కానీ దాని వేరు బయటి సాయంలో ఉంది. 2025లో రేషన్ కోతలు పెట్టగానే శిబిరంలో ఆందోళనలు రేగాయి. శరణార్థి చేతిలో పిండి తగ్గితే బొగ్గు బుట్ట కూడా అమ్ముడుపోదు.

చివరగా చమురు. 2012 మార్చిలో లోకిచార్ ప్రాంతంలో తుల్లో ఆయిల్ అనే కంపెనీ తవ్విన బావి పేరు ఎన్గామియా, స్వాహిలీలో ఒంటె. తర్వాతి బావుల్లో ట్వీగా అంటే జిరాఫీ. పేర్లన్నీ మేత నేలవే. ఈ ముడి చమురు మైనంలా గడ్డకడుతుంది, వేడిగా ఉంచి తీసుకెళ్లాలి. 2018 జూన్‌లో లారీల్లో మొంబాసా రేవుకు పంపడం మొదలుపెట్టారు. భద్రత లేదని, ఉద్యోగాలు రాలేదని స్థానికులు కొన్ని వారాల్లోనే లారీలు ఆపారు. 2019 ఆగస్టులో మొదటి ఓడ వెళ్లింది, 2020లో లారీలు నిలిచిపోయాయి. 2025లో తుల్లో తన వాటాలను కనీసం 12 కోట్ల డాలర్లకు గల్ఫ్ ఎనర్జీ అనే కెన్యా కంపెనీకి అమ్ముకొని తప్పుకుంది. పదమూడేళ్లలో కంచెలు పడ్డాయి, భూముల ధరలు పెరిగాయి, లోకిచార్‌లో లాడ్జీలు లేచాయి. వాణిజ్య స్థాయి ఉత్పత్తి ఆ నాటికి మొదలే కాలేదు.

2019 పెట్రోలియం చట్టం ప్రకారం ప్రభుత్వ వాటాలో 75 శాతం జాతీయ ప్రభుత్వానికి, 20 శాతం కౌంటీకి, 5 శాతం స్థానిక సమాజానికి. ఈ చివరి ఐదు శాతం దగ్గరే ముడి పడింది. స్థానికులంటే ఎవరు? లోకిచార్ చుట్టుపక్కల నేల ఎన్గిసొన్యోకాలది. వానలు పడిన నెలల్లో వాళ్లు మందలతో వేరే మైదానంలో ఉంటారు. ఎండల్లో ఇంకో శాఖ వాళ్లు వచ్చి, అడిగి, అదే వాగులో నీళ్లు తోడుకుంటారు. రోడ్డు పక్క సెంటర్లో సభ పెడితే చేయెత్తేది అక్కడ స్థిరంగా ఉన్నవాళ్లు, దుకాణం ఉన్నవాళ్లు. బావి కోసం మేత పోగొట్టుకున్నవాడు ఆ రోజు రెండు రోజుల నడక దూరంలో ఉండొచ్చు.

కలిసి తిరిగే కుటుంబాల గుంపును వాళ్లు అదకార్ అంటారు. దాని పెద్దలకు ఎవరి చెట్లు ఎక్కడి దాకానో, ఏ ఏడు ఎవరికి మేత ఇచ్చారో నోటికి వచ్చు. కంచె వేసిన ప్రతి బావి దగ్గరా ఆ పెద్దల్ని కూర్చోబెట్టి, పక్క వాగులో చెలమ ఎవరు తవ్వారు, ఎండల్లో అందులో ఎవరిని నీళ్లు పట్టుకోనిస్తారు అని అడగాలి. ఐదు శాతం జాబితా నేను రాయాల్సి వస్తే ఆ పేర్లతోనే మొదలుపెడతాను.